థైరాయిడ్ గ్రంథి మాంద్యము: దాని గుర్తులు

“ఆ పిల్లకు ఒళ్ళు వంగదండీ. పొద్దెక్కినా లేవదు. నలుగురు మాట్లాడుతుంటే కూర్చున్నచోటే కునుకు తీస్తుంది” అని యొక యింటి కోడలిని గూర్చి ఇరుగుపొరుగు చెప్పుకొనుట గ్రామములలో క్రొత్త సంగతి కాదు. అదే పిల్ల రెండేండ్ల క్రిందట ఆ యింట అడుగుపెట్టినప్పుడు చురుకుగనే యుండెను. ఇప్పుడు మాట మందమైనది, నడక మందమైనది, ముఖము ఉబ్బినది. ఇట్టివారందరికిని జబ్బే యున్నదని చెప్పలేము. కాని వీరిలో కొందరి విషయమున తప్పు స్వభావమునది కాదు. మెడలోని యొక చిన్న గ్రంథిది. ఆ సంగతి తెలిసికొనుటకు ఒక్క రక్తపరీక్ష చాలును. తెలియనంతకాలము ఆ పిల్ల బద్ధకస్తురాలన్న పేరు మోయుచునే యుండును.

ఆ గ్రంథి పేరు థైరాయిడ్. పాఠ్యపుస్తకములందు దీనిని అవటు గ్రంథి యని వ్రాయుదురు. కంఠమణికి దిగువను, శ్వాసనాళమునకు ముందువైపున, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకవలె ఇది అమరియుండును. పెద్దవారిలో దీని తూకము ఇంచుమించు 20 గ్రాములు. పాత లెక్కను రెండు తులములకు లోపే. ఇంత చిన్నదైనను దీని అధికారము ఒడలంతటను సాగుచుండును. మనము తిను ఆహారములోని అయొడిన్‌ను గ్రహించి ఇది థైరాక్సిన్ అను హార్మోనును తయారుచేసి రక్తములోనికి విడుచును. తిన్న అన్నము శక్తిగా మారుట, ఒడలు వెచ్చగానుండుట, గుండె కొట్టుకొను వేగము, ప్రేవుల కదలిక, చర్మము, వెండ్రుకలు, జ్ఞాపకశక్తి, పసిబిడ్డల మెదడు ఎదుగుదల, ఇవన్నియు ఆ హార్మోనుపై ఆధారపడియున్నవి. అది చాలనప్పుడు లాంతరు వత్తిని తగ్గించినట్లు శరీరములోని పనులన్నియు మెల్లమెల్లగా మందగించును. దీనినే హైపోథైరాయిడిజమని వైద్యులందురు.

ఈ గ్రంథిపై ఒక మేస్త్రీ కూడ కలదు. మెదడు క్రిందనుండు పిట్యూటరీ గ్రంథి ఆ మేస్త్రీ. థైరాయిడ్ పని తగ్గినచో అది టి.యస్.హెచ్. అను మరియొక హార్మోనును అధికముగ పంపి, పని చేయుమని గద్దించుచుండును. కూలివాడు సోలిపోయినకొలది మేస్త్రీ కేకలు పెరిగినట్లే థైరాయిడ్ మందగించినకొలది రక్తమున టి.యస్.హెచ్. పెరుగును. ఈ సంగతి తెలియక చాలమంది పరీక్ష కాగితము చూచి, “అంకె ఎక్కువ వచ్చింది గనుక థైరాయిడ్ ఎక్కువైంది” అని అనుకొనుచున్నారు. నిజము దానికి తలక్రిందులు. టి.యస్.హెచ్. హెచ్చినదనగా సాధారణముగ థైరాయిడ్ తగ్గినదని అర్థము.

గుర్తులు ఎట్లుండును?

ఈ వ్యాధి జ్వరమువలె ఒక్కరోజున వచ్చునది కాదు. నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. అందువలన రోగికే తనలోని మార్పు తెలియదు. దినదినము చూచుచుండు ఇంటివారికిని తెలియదు. ఏడాదికొకసారి పండుగకు వచ్చు ఆడపడుచో, దూరపు చుట్టమో గుమ్మములో అడుగుపెట్టుచునే, “అదేమిటమ్మా, మొహం అలా అయింది?” అని అడుగును. అనుమానము కలిగినప్పుడు పెండ్లినాటి ఫొటోను గాని, పాత కార్డుమీది ఫొటోను గాని తీసి నేటి ముఖముతో పోల్చి చూచుట మంచి ఉపాయము. వైద్యులు కూడ ఈ పని చేయుదురు.

మొదట కనిపించునది అలసట. నిద్రించి లేచినను అది తీరదు. తరువాతది చలి. మన ప్రాంతపు వేసవిలో అందరును చెమటలు క్రక్కుచు విసనకఱ్ఱల కొఱకు తడుముకొనుచుండగా, ఈమె ఫాను ఆపుమనును. రాత్రి దుప్పటి కప్పుకొనును. చెమట తక్కువగును. చర్మము పొడిబారి పొట్టులేచును. నూనె పట్టించినను ఆ గరుకుదనము పోదు. తల దువ్వినప్పుడు వెండ్రుకలు కుచ్చులుగ రాలును. కొందరికి కనుబొమల వెలుపలి మూడవ వంతు పలుచబడును. మలబద్ధకము కొత్తగ పట్టుకొనును. కంఠము బొంగురువోవును, ఫోనులో మాట విన్నవారు ఎవరో మగవారనుకొనుటయు కలదు. ఉదయమున లేచునప్పటికి కనురెప్పలు ఉబ్బియుండును. నాలుక మందమగును. రాత్రులందు గుఱక హెచ్చును.

బరువును గూర్చి ఒక మాట చెప్పవలెను. ఈ వ్యాధిలో బరువు పెరుగుట నిజమే. కాని ఆ పెరుగుదల సాధారణముగ కొద్ది కిలోలే. అందును అధికభాగము ఒంట నిలిచిన నీరు, ఉప్పు. ఇరువది ముప్పది కిలోలు పెరిగి, నేరమంతయు థైరాయిడ్‌పై మోపుట సరికాదు. అట్లే సన్నబడుటకై అవసరము లేనివారు థైరాయిడ్ మాత్రలు మ్రింగుటయు ప్రమాదము. గుండెదడ పుట్టును, ఎముకలు గుల్లబారును.

కాళ్ళవాపు కూడ కొందరికి వచ్చును. మూత్రపిండములు, గుండె చెడినప్పుడు వచ్చు వాపును వ్రేలితో నొక్కినచో గుంట పడును. థైరాయిడ్ మాంద్యమున వచ్చు వాపు గట్టిగా, పిండి ముద్దవలె నుండి, నొక్కినను సాధారణముగ గుంట పడదు. చేతులకు తిమ్మిరులు, ముఖ్యముగ రాత్రివేళ బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు మొద్దుబారుట, పిక్కలు పట్టుట, చెవులకు వినికిడి తగ్గుట కూడ చూడవచ్చును. నాడి మందముగ కొట్టుకొనును. విశ్రాంతిగ కూర్చున్నప్పుడు నిమిషమునకు 60 కంటె తక్కువైనచో గమనింపవలసినదే. అయితే కాయకష్టము చేయు యువకులలో ఆరోగ్యముగ నున్నను నాడి అట్లుండవచ్చును.

స్త్రీలలో నెలసరి క్రమము తప్పును. తరచు రక్తస్రావము అధికమగును. దానివలన రక్తహీనత వచ్చును. రక్తహీనతకని ఇనుపమాత్రలు ఇత్తురు. ఆమె వాడును, కొంత తేరుకొనును, మరల పాలిపోవును. అసలు కారణము మెడలో నుండగా ఇనుపమాత్ర ఒక్కటియే ఏమి చేయగలదు? పెండ్లియై ఏండ్లు గడిచినను గర్భము నిలువకపోవుటకును, నిలిచినది జారిపోవుటకును గల కారణములలో ఇదియు నొకటి. పిల్లలు లేరని యింట వేఱొక సంబంధము మాట తలపెట్టకమునుపు భార్యాభర్తలిరువురును పరీక్షలు చేయించుకొనవలెను. ఈ పరీక్ష అందులో మొదటివరుసలోనిది.

మనస్సు సంగతి తుదకు చెప్పుచున్నాము గాని అది చిన్నది కాదు. మతిమరపు, దేనియందును ఆసక్తి లేకుండుట, కారణము లేని దిగులు, మాటకు మాట జవాబు చెప్పుటలో ఆలస్యము కనబడును. ముసలివారిలో ఇవి వచ్చినచో “వయసు మీద పడింది” అని ఊరకుందురు. వారిలో చలి, అలసట మొదలగు తక్కిన గుర్తులు స్పష్టముగ నుండవు కనుక ఈ పొరపాటు మరింత సులభము.

పైన చెప్పినవానిలో ఏ యొక్కటియు ఈ వ్యాధికే ప్రత్యేకము కాదు. అలసటకు మన గ్రామములలో రక్తహీనతయే పెద్ద కారణము. చక్కెరవ్యాధి, నిద్రలేమి, మనోవ్యాధి, తగినంత తిండి లేకుండుట, ఇవియు అట్టి లక్షణములనే చూపును. ఒక్క గుర్తును చూచి భయపడనక్కరలేదు. మూడు నాలుగు గుర్తులు కలిసి, మునుపు లేక కొన్ని నెలలుగ క్రొత్తగ వచ్చియున్నచో పరీక్ష చేయించుట యుక్తము.

ఎవరి కెక్కువ?

పురుషులకంటె స్త్రీలకు ఇది చాల హెచ్చు. హైదరాబాదుతో సహా 8 నగరములలో జరిపి 2013వ సంవత్సరమున ప్రకటించిన పరిశీలనలో పరీక్షింపబడిన పెద్దలలో నూటికి సుమారు 11 మందికి ఈ మాంద్యమున్నట్లు తేలినది. ఇవి నగరముల అంకెలు. గ్రామములకు ఉన్నవి ఉన్నట్లు వర్తింపజేయలేము. తల్లికో, అక్కచెల్లెండ్రకో థైరాయిడ్ వ్యాధి యున్నవారు, బాల్యముననే ఇన్సులిన్ అవసరమైన చక్కెరవ్యాధి గలవారు, బొల్లి మచ్చలున్నవారు, మెడకు శస్త్రచికిత్స జరిగినవారు, మనోవ్యాధికి లిథియము గాని గుండెజబ్బుకు ఎమియోడరోన్ గాని వాడువారు జాగ్రత్తగ నుండవలెను. కాన్పైన ఏడాదిలోపల కొందరికి ఈ గ్రంథి తాత్కాలికముగ చెడును. బాలింత నీరసమని దానిని కొట్టివేయుదురు.

అయొడిన్ తగినంత దొరకుచోట ఈ వ్యాధికి ముఖ్యకారణము, శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరబడి తన గ్రంథిని తానే దెబ్బతీయుట. దీనిని 1912లో జపాను దేశపు వైద్యుడు హషిమోటో వర్ణించెను. నేటికిని ఆయన పేరుతోనే పిలుచుచున్నారు. రెండవ కారణము అయొడిన్ లోపము. వానలు, వరదలు వేలయేండ్లుగ నేలపై పొరను కడుగుకొనిపోగా మట్టిలో అయొడిన్ తరిగి, ఆ నేలలో పండిన పంటలోను తరుగును. అప్పుడు గ్రంథి, ఉన్న కొద్దిపాటి అయొడిన్‌నే పట్టుకొనుటకై ఉబ్బి పెరుగును. అదియే గళగండము.

దీని నివారణ చరిత్రలో మనవాడొకడు ముందున్నాడు. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్టణమున ఆంధ్ర వైద్యకళాశాలలో చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి, తన సహచరులతో 1956లో హిమాలయ సానువులందలి కాంగ్రా లోయలో ఒక పెద్ద ప్రయోగము ప్రారంభించెను. సుమారు లక్షమంది నివసించు ఆ ప్రాంతమును మూడు భాగములుగ విభజించి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును సరఫరా చేసిరి. కొన్ని సంవత్సరములలో అయొడిన్ ఉప్పు తిన్న రెండు భాగములందును గళగండము బాగుగ తగ్గినది. ప్రభుత్వము 1962లో జాతీయ గళగండ నివారణ కార్యక్రమమును ప్రారంభించెను. దానికే 1992లో అయొడిన్ లోప వ్యాధుల నివారణ కార్యక్రమమని పేరు మార్చిరి. అయొడిన్ కలుపని ఉప్పును తినుటకై అమ్మరాదన్న నిషేధము 2006 నుండి దేశమంతట అమలులోనికి వచ్చెను.

సముద్రతీరవాసులలో ఒక భ్రమ కలదు. నౌపడా, చినగంజాము మడులలోని ఉప్పు సముద్రమునుండి వచ్చినదే గనుక అందులో అయొడిన్ ఉండక తీరునా యని వారి తర్కము. సముద్రజలమున అయొడిన్ కొద్దిగ నున్నను, మడిలో ఎండి గట్టిపడిన ఉప్పులో అది లేశమాత్రము గాని మిగులదు. కలిపితేనే ఉండును. సైంధవ లవణము సంగతియు అంతే. ఇంటికి చేరునప్పటికి కిలో ఉప్పులో కనీసము 15 మిల్లీగ్రాముల అయొడిన్ ఉండవలెను. పెద్దవారికి రోజుకు కావలసినది 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250. మూతగల డబ్బాలో పెట్టి, తడి తగులనీయక, కూర దించబోవునప్పుడు ఉప్పు వేసినచో అయొడిన్ నష్టము తక్కువ. రాళ్ళ ఉప్పును కడిగి వాడు ఇల్లాండ్రు ఆ కడిగిన నీళ్ళతో అయొడిన్‌ను కూడ పారబోయుచున్నారు. రక్తపుపోటు ఉన్నవారు అయొడిన్ కొఱకని ఉప్పు ఎక్కువ తినరాదు. క్యాబేజీ, కాలీఫ్లవరు పూర్తిగ మానవలెనని కొందరు చెప్పుదురు. వండుకొని మితముగ తినుటకు అభ్యంతరము లేదు.

పసిబిడ్డల విషయము

ఇంతవరకు చెప్పినదంతయు ఆలస్యమైనను చక్కబెట్టుకొనగలది. ఇక చెప్పబోవునది అట్టిది కాదు. కొందరు శిశువులు థైరాయిడ్ గ్రంథి లేకయే గాని, పనిచేయని గ్రంథితో గాని జన్మింతురు. మన దేశమున సుమారు వేయిమంది శిశువులలో ఒకరికి ఇట్లుండవచ్చును. తల్లి రక్తమునుండి వచ్చిన హార్మోను కొంతకాలము కాపాడును గనుక పుట్టినప్పుడు బిడ్డ చక్కగనే కనిపించును. తరువాత వారముల తరబడి బిడ్డ నిదురపోవుచునే యుండును, పాలకై ఏడవదు, లేపి పట్టవలెను. “మా వాడు ఎంత బుద్ధిమంతుడో, ఏడుపే తెలియదు” అని తల్లి మురియును. ఏడ్చినను గొంతు బొంగురుగ నుండును. పుట్టినప్పటి పచ్చకామెర్లు రెండు వారములు దాటినను తగ్గవు. మలబద్ధకము, చల్లని చర్మము, పెద్దనాలుక, బొడ్డు ముందుకు పొడుచుకొనివచ్చుట, ఇవి క్రమముగ కనబడును. కాని ఇవన్నియు స్పష్టముగ కనిపించువరకు ఆగినచో మెదడుకు జరిగిన నష్టము పూర్తిగ తిరిగిరాదు. ఆ బిడ్డ పొట్టిగ, మందబుద్ధిగ పెరుగును.

ఇంతటి నష్టమును ఆపునది మడమనుండి తీసిన కొన్ని చుక్కల రక్తము. పుట్టిన 48 నుండి 72 గంటల మధ్య ఈ పరీక్ష చేయుట మంచిది. లోపమున్నచో రెండు వారములలోపల మందు మొదలుపెట్టవలెను. అట్లు చేసిన శిశువులలో అత్యధికులు తక్కిన పిల్లలవలెనే చదివి, ఆడి, ఎదుగుదురు. మందు వెల స్వల్పము. మాత్రను నలిపి తల్లిపాలలో కలిపి పట్టవచ్చును. కాన్పు ఆసుపత్రినుండి ఇంటికి వచ్చునప్పుడు “మా బిడ్డకు థైరాయిడ్ పరీక్ష చేసినారా?” అని అడుగుటకు ఎవరును మొగమాటపడరాదు. అక్కడ సదుపాయము లేనిచో ఎక్కడ చేయుదురో ఆశా కార్యకర్త ద్వారా తెలిసికొని వెంటనే పోవలెను. పురుడు దాటినపిమ్మట చూతమని వాయిదావేయుట తగదు.

కడుపులోని శిశువు మొదటి మూడు నెలలు తల్లి హార్మోనుపైననే ఆధారపడియుండును. కనుక నెల తప్పినదని తెలిసిన వెంటనే థైరాయిడ్ పరీక్ష చేయించవలెను. అంతకుముందే మాత్ర వాడుచున్న స్త్రీకి గర్భకాలమున మోతాదు తరచు పెంచవలసివచ్చును. “కడుపుతో ఉన్నప్పుడు ఇంగ్లీషు మందులెందుకు” అని పెద్దలు ఈ మాత్రను మాన్పించుచున్నారు. మానరాని మందులలో ఇది మొదటిది. పెరుగు పిల్లలలో ఎత్తు ఎదుగుదల ఆగిపోవుట ముఖ్యమైన గుర్తు. అంగన్‌వాడీలోను బడిలోను కొలిచిన ఎత్తులను సరిచూచుకొనుచుండవలెను.

చికిత్స

ఈ జబ్బుకు మందు దొరకిన కథ చెప్పదగినది. ఇంగ్లాండులో 1891వ సంవత్సరమున జార్జి మర్రే అను వైద్యుడు, ముఖము ఉబ్బి, మాట మందగించి క్షీణించుచున్న 46 ఏండ్ల స్త్రీకి గొఱ్ఱె థైరాయిడ్ గ్రంథినుండి తీసిన రసమును సూదిద్వారా ఎక్కించెను. కొన్ని వారములలోనే ఆమె మరల మామూలు మనిషియయ్యెను. పిదప నోటిద్వారా ఆ మందునే వాడుచు 28 సంవత్సరములు జీవించెను. 1914లో కెండల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు థైరాక్సిన్‌ను వేరుచేసెను. నేటి లీవోథైరాక్సిన్ మాత్ర కర్మాగారములలో తయారగునది. మన గ్రంథి చేయు హార్మోనుకును దానికిని భేదము లేదు.

రక్తమున టి.యస్.హెచ్. హెచ్చి, థైరాక్సిన్ తగ్గియున్నచో మందు తప్పదు. టి.యస్.హెచ్. కొద్దిగ పెరిగి థైరాక్సిన్ సరిగ నున్నవారందరికిని మాత్ర అవసరముండదు. వైద్యుడు కొంతకాలమాగి మరల పరీక్షించును. మోతాదును బరువు, వయస్సు, గుండెస్థితి చూచి నిర్ణయింతురు. ముసలివారికి, గుండెజబ్బు గలవారికి తక్కువతో మొదలుపెట్టుదురు. ఆరు నుండి ఎనిమిది వారములకు మరల పరీక్షించి సవరింతురు. పొరుగింటామె మోతాదు ఈమెకు పనికిరాదు.

ఉదయము పరగడుపున మంచినీళ్ళతో మ్రింగి, అరగంట నుండి గంటవరకు కాఫీ, టీ, పలహారములు తీసికొనరాదు. కాఫీతో మ్రింగినచో మందు సరిగ ఒంటబట్టదు. ఇనుపమాత్ర, కాల్షియము మాత్ర నాలుగు గంటల ఎడముతో వేసికొనవలెను. గర్భిణులకు ఈ రెండు మాత్రలును ఇచ్చుచుందురు గనుక, అన్నింటిని ఒక్క గుక్కలో మ్రింగు అలవాటు వారిలో ఎక్కువ. అదే మందు చాలకపోవుటకు కారణమగుచున్నది.

రెండు మూడు నెలలకు కాగితములో అంకెలు సరిపడును. “రిపోర్టు బాగున్నది, ఇక మందెందుకు?” అని మానివేయువారు కోకొల్లలు. అంకె సరియైనది మందువలననే. చాలమందికి ఇది జీవితాంతము వాడవలసినది. కాన్పు తరువాత వచ్చినది మొదలగు కొన్ని రకములు మాత్రము తగ్గిపోవచ్చును; ఆ నిర్ణయము వైద్యునిది. ఒకపూట మరచిన ప్రమాదము లేదు, ఈ మందు రక్తములో రోజుల తరబడి నిలుచును. వారముల తరబడి మానినచో పాత లక్షణములన్నియు తిరిగివచ్చును. నలభై రోజుల కషాయముతో వేళ్ళతో సహా పోగొట్టెదమను ప్రకటనలను నమ్మి మాత్ర మానినవారు తుదకు ఆసుపత్రికే వచ్చుచున్నారు. ముఖ్యముగ ముసలివారు మందు మాని, చలికాలమున జ్వరమో దగ్గో తగిలి, ఒడలు చల్లబడి, పిలిచినను పలుకక మగతలో పడినచో అది ప్రాణాపాయము. కంబళి కప్పి, ఆలసింపక 108కి ఫోను చేయవలెను.

మాత్రలను పొయ్యిగట్టుమీదను, ఎండ తగులు కిటికీలోను, తడిచోటను పెట్టరాదు, మందు చెడును. మోతాదు వ్రాసిన కాగితమును, చివరి పరీక్ష కాగితమును డబ్బాతో కలిపి యుంచుకొనవలెను. ఇటుకబట్టీలకు, చెఱకు నరుకుటకు, పట్టణపు కట్టడపు పనులకు వలసపోవు కుటుంబములు తిరిగివచ్చువరకు సరిపడు మాత్రలను ముందే అడిగి తీసికొనిపోవలెను. అవి నిండుకొనినచో ఆ కాగితము చూపి, పనిచోటికి దగ్గరనున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున అడుగవచ్చును.